పట్టా పుచ్చుకున్న శ్రావణం

మా నాయనకు చూపు పోయిందన్న సంగతి నాకు ఒక శుభవార్త వల్ల తెలిసింది.

అది ముప్పయ్యెనిమిదో సంవత్సరం, ఆషాఢం చివర. మద్రాసులో బి.ఏ. చదివి, పరీక్ష ప్యాసై, నేను ఆదోనికి వచ్చి మూడు నెలలు దాటింది. శ్రావణంలో జరిగే పట్టప్రదానోత్సవానికి మళ్ళీ మద్రాసు వెళ్ళి, నల్లగౌను తొడుక్కుని పట్టా పుచ్చుకోవాలి. ఆ ఒక్క రోజు కోసం గోడమీది క్యాలెండరు చూసుకుంటూ బతుకుతున్నాను. అలాంటప్పుడు విశ్వవిద్యాలయం నుంచి లక్కముద్ర వేసిన కవరొకటి వచ్చింది. నాకే అనుకుని పరుగెత్తాను. తీరా చూస్తే నాయన పేరు మీద ఉంది.

మా నాయన బాలకృష్ణయ్య. మా వంశంలో మగవాళ్ళంతా పత్తి వ్యాపారం చేసినవాళ్ళే. ఆయనొక్కడు ఆ దారి తప్పి వ్యవసాయ శాఖలో చేరాడు. ముప్పై ఏళ్ళు నల్లరేగడి చేల వెంట తిరిగి, పొడుగు పోగు వచ్చే పత్తి రకమొకటి తీసి, రెండేళ్ళ కిందట రిటైరై ఇంటికి వచ్చాడు.

"చదువు పాపా," అన్నాడు కవరు నా చేతికే తిరిగి ఇచ్చి. "నీ గొంతుతో వింటాను."

చదివాను. ఆ యేడు పట్టభద్రులకు ఉపన్యాసం ఇవ్వవలసిందిగా ఆయన్ను కోరుతున్నారు. నేను పెట్టిన కేకకు అమ్మ పిండిచేతులతో వంటింట్లోంచి వచ్చింది. ఎదురింట్లో ఉండే చిన్నాయన దామోదరం చొక్కా అయినా వేసుకోకుండా వచ్చాడు. ఆయనకు పత్తి మిల్లు ఉంది, బజారంతా స్నేహం ఉంది, కడుపులో మాట నిలవదు. అరగంటలో పత్తిబజారు మొత్తానికి తెలిసిపోయింది. "మా అన్న గవర్నరు పక్కన కూచుంటాడప్పా! ఈపక్క అన్న ఉపన్యాసం, ఆపక్క కూతురికి పట్టా!" అని కనిపించిన ప్రతివాడినీ ఆపి చెప్పాడు.

నాయన మాత్రం కూర్చున్నచోటు నుంచి కదల్లేదు. ఉత్తరం మళ్ళీ చదవమన్నాడు. మూడోసారీ చదివించుకున్నాడు. సంతోషం పట్టలేక అడుగుతున్నాడనుకుని నేను మురిసిపోయాను. ఒప్పుకుంటున్నట్టు జవాబు నాచేతనే రాయించి, "సంతకం పెట్టే జాగా వేలు పెట్టి చూపించు," అన్నాడు. చూపించాను. ఆయన కలం నా వేలి పక్కనుంచి జారి, నేను రాసిన ఆఖరి వాక్యం మీదుగా అడ్డంగా పోయింది. తలెత్తి చూశాను. ఆయన నా భుజం అవతల ఉన్న గుమ్మాన్ని చూసి నవ్వుతున్నాడు.

వంటింట్లోకి వెళ్ళి అమ్మ ముందు నిలబడ్డాను. అడగకముందే అమ్మకు అర్థమైంది.

"పోయిన ఉగాది నుంచి," అంది తలవంచుకుని. "శుక్లాలు. ఇప్పుడు వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలీదు. ఇంట్లో అలవాటు మీద తిరుగుతారు. మనుషుల్ని గొంతు బట్టి కనుక్కుంటారు."

"ఆస్పత్రికి పోలేదా?"

"మీ అవ్వకు సూదితో పొరలు తీస్తానని వచ్చినోడు కన్నే తీసిపోయినాడు గదా. అది కళ్ళారా చూసిన మనిషి. ఎంత చెప్పినా వినలేదు."

ఆ సాయంత్రం నేనూ నాయనా తగువులాడుకున్నాం. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం. ఉపన్యాసమైన మర్నాడే మద్రాసులోనే కంటి ఆపరేషను చేయించుకుంటాడు. అంతవరకు ఈ సంగతి మా ముగ్గురి మధ్యే ఉండాలి. చిన్నాయనకు కూడా తెలియకూడదు.

"ఎందుకు నాయనా ఇంత దాపరికం? అందరికీ వచ్చే జబ్బే కదా," అన్నాను.

"చుట్టుపక్కల ఊళ్ళల్లో నా మాటకు ఎందుకు విలువిస్తారనుకున్నావు? నేను చూసినాను గాబట్టి. చూపు లేదని తెలిస్తే మాట కూడా పోతాది పాపా."

సరేనన్నాను.

మర్నాటి నుంచి ఇల్లు ఒక పరీక్ష హాలైంది. ఆయన ఇంగ్లీషులో చెబుతుంటే నేను రాశాను. పంతొమ్మిది కాగితాలు వచ్చాయి. రాసింది నేను చదివి వినిపిస్తే ఆయన వల్లెవేసేవాడు. వేదిక మీద చూసి చదువుతున్నట్టే కనిపించాలి గదా, అందుకని ఏ మాట దగ్గర కాగితం తిప్పాలో కూడా అభ్యాసం చేశాం. మొదట్లో మాటల్లో పడి కాగితం మరిచేవాడు. కాగితం జ్ఞాపకం పెట్టుకుంటే మాట మరిచేవాడు. ఇద్దరికీ చెమటలు పట్టేవి. హాస్టల్లో నాతోపాటు ఉన్న స్నేహితురాలికి ఉత్తరం రాసి, ఉత్సవం జరిగే హాల్లో వేదిక మెట్లు ఎన్నో లెక్కబెట్టి రమ్మన్నాను. ఏడు మెట్లు, ఆపైన నాలుగడుగులు అని జవాబు వచ్చింది. రోజూ సాయంత్రం నాయన మా మిద్దె మెట్లు ఏడెక్కి, ఆగి, దిగి వచ్చేవాడు.

చిన్నాయన ఒకరోజు అది చూశాడు. "ఏందన్నా, సగం ఎక్కి దిగుతాండావు? మిద్దె మీద దయ్యమేమన్నా ఉందా?"

"మోకాళ్ళకు మంచిదంటరా," అన్నాడు నాయన.

"అట్లనా!" అని చిన్నాయన వారం రోజులు తన ఇంటి మెట్లు ఏడెక్కి దిగాడు. అమ్మా నేనూ కిటికీలోంచి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాం. ఆ యేడు మేము నవ్విన నవ్వు అదొక్కటే.

అమ్మ దిగులు అమ్మది. శ్రావణమాసంలో తండ్రీ కూతుళ్ళు ఇద్దరూ నల్లబట్ట ఒంటిమీద వేసుకోవడమేమిటని లోలోపల కుమిలిపోయేది. గౌను లోపలి అంచుకు పసుపు చుక్క పెట్టడానికి పొట్లం కట్టుకుని సిద్ధంగా ఉంది.

ఉపన్యాసంలో పదకొండో కాగితమంటే నాయనకు ప్రాణం. "ఎంత పెద్దవాడు చెప్పినా సరే, మీ కళ్ళతో మీరు చూసినదాన్నే నమ్మండి," అన్న వాక్యం ఉన్నది అందులోనే. ముప్పై ఏళ్ళ తన పనంతా ఆ ఒక్క మాటలో ఉందని ఆయన నమ్మకం. దాన్ని చెప్పేటప్పుడు ఆయన మెడ కొంచెం నిటారయ్యేది. రాసేటప్పుడే నాకు ఇబ్బందిగా ఉండింది కాని, చెప్పే ధైర్యం లేకపోయింది.

శ్రావణం మొదటి శనివారం పెద్దకడుబూరు రైతులు వచ్చారు. ఇది ఏటా జరిగేదే. విత్తే ముందు ఊరికి ఇద్దరు ముగ్గురు చొప్పున, తలపాగా కొసలో పిడికెడు పత్తి గింజలు ముడివేసుకుని వచ్చి వీధివైపున్న మా మొగసాలలో కూర్చుంటారు. నాయన చూసి "విత్తుకోండి" అంటే ఆ ఊళ్ళో విత్తనాల గొర్రు కదులుతుంది. ఆయన అనకపోతే చేను పండదని కాదు. ఆయన అనకుండా విత్తడం వాళ్ళకు చేతకాదు.

ఆ రోజు ముందు కూర్చున్నది హనుమన్న. యాభై ఏళ్ళ మనిషి, పొడగరి, నెమ్మదిగా మాట్లాడతాడు. "ఈ తూరి మన కాడ ఇత్తనం సాల్లేదయ్యా. ఆలూరు తట్టు నుంచి తెచ్చినాము. నువ్వు ఒకసారి సూసి సెప్పు," అని ముడి విప్పి నాయన అరచేతిలో పోశాడు.

నేను పక్కనే నిలబడ్డాను. నాయన గింజల్ని వేళ్ళతో నలిపాడు. వాసన చూశాడు. ఒకటి పంటికింద పెట్టి కొరికాడు. చెయ్యి వెలుతురులోకి చాచి తలవంచి కాసేపు అలాగే ఉన్నాడు. ఎవరికీ ఏ అనుమానమూ రాని రీతిలో చేశాడు.

"పలుకు గట్టిగా ఉంది. పురుగు లేదు. విత్తుకోండి," అన్నాడు.

హనుమన్న వెంటనే లేవలేదు. "బాగుండాయంటావా అయ్యా?"

"బాగుండాయి."

"అంతేనంటావు?"

"ముప్పై ఏండ్ల నుంచి చూస్తాన్నా హనుమన్నా. బాగలేకుంటే బాగుండాయని ఎందుకంటాను?"

రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దండం పెట్టి లేచి వెళ్ళారు. గండం గడిచిందనుకున్నాను. పత్తి ఇంట్లో పుట్టి, పత్తి గింజను ఏనాడూ చేతిలోకి తీసుకుని చూడని బి.ఏ.ని నేను.

సోమవారం భీమక్క వచ్చింది. చిన్నాయన మిల్లులో గింజలు ఏరే మనిషి, అప్పుడప్పుడు మా ఇంట్లో జొన్నలు చెరిగి పెట్టేది. మొగసాల కిటికీలో మిగిలిపోయిన నాలుగు గింజలు చూసి చేట పక్కన పెట్టింది.

"అమ్మణ్ణీ, ఈటిని ఎవురు తెచ్చినారు?"

"పెద్దకడుబూరోళ్ళు. విత్తడానికి. నాయన బాగున్నాయన్నాడు."

భీమక్క నన్ను ఎండలోకి తీసుకుపోయి అరచెయ్యి విప్పింది. "ఈ నూగు సూడు. అయ్యగారి పత్తికి గింజమీద నూగు తెల్లగుంటాది. ఇది ఆకుపచ్చ. ఇది పొట్టిపోగు పత్తి గదమ్మా, బజార్లో ఎవురూ ముట్టరు దీన్ని. పసిపిల్లోళ్ళకు గూడ తెలుస్తాది."

చూశాను. ఒకసారి చూపించాక మరి కనిపించకుండా ఎలా ఉంటుంది? ఆకుపచ్చగానే ఉంది.

"మరి నాయన బాగుందన్నాడే," అన్నాను.

"అదే నాకూ తెలీడంల్యా. అయ్యగారు సూసి బాగుందన్నాడంటే నా కండ్లకే ఏమన్నా అయ్యిందేమో," అని భీమక్క నిజంగానే రెండు కళ్ళూ నులుముకుని మళ్ళీ గింజలకేసి చూసింది.

శనివారం రైతులు ఒకరి మొహం ఒకరు ఎందుకు చూసుకున్నారో అప్పుడు అర్థమైంది. వాళ్ళకూ ఆ రంగు కనిపించే ఉంటుంది. హనుమన్న రెండుసార్లు అడిగింది అందుకే. నాయన బాగుందనేసరికి వాళ్ళు కూడా తమ కళ్ళనే తప్పుపట్టుకుని వెళ్ళిపోయారు.

అమ్మతో చెప్పాను. అమ్మ పొయ్యిలో కట్టె వెనక్కి లాగింది.

"ఇప్పుడు చెబితే ఆయన మద్రాసుకు రారు," అంది. "ఉపన్యాసం లేకుంటే ఆపరేషనూ లేదు. ఈసారి తప్పితే ఇంక జన్మలో ఒప్పుకోరు. శుక్రవారం ఉపన్యాసం. శనివారం ఆయన్ను ఆస్పత్రిలో చేర్చిన వెంటనే మీ చిన్నాయనకు తంతి ఇద్దాం. అంతవరకూ ఎవరు విత్తుతారు? వాన యాడుంది?"

నిజమే, ఆకాశంలో మబ్బు తునక లేదు. అమ్మ మాటలో న్యాయం ఉంది. నేను ఒప్పుకున్నాను. కాని నేను ఒప్పుకున్నది ఆ న్యాయం కోసమే కాదు. నేను పట్టా పుచ్చుకునే వేళకు నాయన ఆ వేదిక మీద కూర్చుని ఉండాలి. అది నాకు కావాలి. మా ఊళ్ళో ఏ ఆడపిల్లకూ దక్కనిది నాకు దక్కబోతోంది. నాలుగు పచ్చగింజల కోసం దాన్ని వదులుకోవడానికి మనసొప్పలేదు. ఈ మాట అమ్మతో అనలేదు.

మంగళవారం మధ్యాహ్నం వాన పట్టుకుంది. మా మిద్దె గొట్టాలు వీధిలోకి ధారలు కట్టాయి. బజార్లో జనం వానకు దండాలు పెడుతుంటే నేను మంచమ్మీద ముడుచుకుని కూర్చున్నాను. "రేగడి ఆరి పదునుకు రావడానికి నాలుగు దినాలన్నా పడతాది," అంది అమ్మ. నన్ను చూస్తూ కాదు, గోడను చూస్తూ అంది.

బుధవారం రైలు. చిన్నాయన మేళం పెట్టించాడు. స్టేషన్లో పత్తి వర్తకులంతా దండలు పట్టుకుని నిలబడ్డారు. నాయన చెయ్యి నా భుజం మీద ఉంది. చూసేవాళ్ళకు అది ముద్దు. ఎవరు ఎదురొస్తున్నారో నేను పెదవి కదలకుండా చెబుతున్నాను, ఆయన పేరు పెట్టి పలకరిస్తున్నాడు. ఆ గుంపులో, అందరికన్నా వెనక, హనుమన్న ఉన్నాడు. సాగనంపడానికి పదిమైళ్ళు నడిచి వచ్చాడు.

"వాన బాగ పడినాదయ్యా. పదును రాంగానే గొర్రు కట్టేస్తాము," అన్నాడు నాయన చేతులు పట్టుకుని. తర్వాత నాకేసి తిరిగాడు. "నువ్వు గూడ పెద్ద పట్టా తెస్తాండావంట గదా తల్లీ. మాకు గూడ సూపించాల."

ఒక్క మాట చాలు. 'ఆగు హనుమన్నా' అంటే చాలు. నా నాలుక చివర ఉంది ఆ మాట. మేళం మోగుతోంది, గార్డు జెండా ఊపుతున్నాడు, అమ్మ రైలు పెట్టెలోంచి నన్నే చూస్తోంది. "చూపిస్తాను," అని రైలెక్కాను.

రైలు గుంతకల్లు వైపు పోతుంటే నాయన కిటికీ దగ్గర కూర్చుని తడిమట్టి వాసన పీలుస్తూ హాయిగా ఉన్నాడు. "మంచి వాన. మనోళ్ళ అదృష్టం," అన్నాడు. నేను బయటికి చూడలేక కళ్ళు మూసుకున్నాను.

గురువారమంతా మద్రాసులో పరుగులే. గౌన్లు కుట్టే దుకాణం, ఆస్పత్రి డాక్టరు, హాలు. మెట్లు ఏడే. తివాచీ మందం ఎక్కువగా ఉందని, కాలు ఎత్తి వెయ్యాలని నాయనకు చెప్పాను. శుక్రవారం ఉదయం ఆఖరిసారి అభ్యాసానికి కూర్చున్నాం. మైలాపూరులో మాకు ఇచ్చిన ఇంట్లో, నాయన బల్ల ముందు నిలబడి ఒక్కో కాగితం తిప్పుతూ గడగడా చెప్పుకుపోతున్నాడు. పదకొండో కాగితం వచ్చింది. ఆయన మెడ నిటారయింది.

"ఎంత పెద్దవాడు చెప్పినా సరే, మీ కళ్ళతో మీరు..."

నాకు భీమక్క కళ్ళు నులుముకోవడం కనిపించింది. "నాయనా, ఆపు," అన్నాను. చెప్పేశాను. గింజల రంగు, భీమక్క మాట, అంతా చెప్పాను. ఎప్పుడు తెలిసిందో చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. అమ్మ నావైపు చూసిన చూపు ఇప్పటికీ నాకు జ్ఞాపకముంది.

నాయన చేతులతో తడుముకుని కుర్చీలో కూలబడ్డాడు. "హనుమన్న రెండుసార్లు అడిగినాడు," అన్నాడు. "రంగెట్లుందని ఆయననే తిరిగి అడిగుంటే సరిపోయేది. రోషమొచ్చింది నాకు."

కాసేపటికి, "తంతి ఆఫీసు తెరిచుంటారా?" అన్నాడు.

తంతి కాగితం మీద నేను రాశాను. 'విత్తనం చెడ్డది. పెద్దకడుబూరు పోయి విత్తడం ఆపించు.' ఇది చాలునా అని అడిగాను.

"ఇంకొకటి రాయి. 'నాకు కండ్లు కనపడవు.'"

"అదెందుకు నాయనా? తంతి గుమాస్తా చూస్తాడు. మధ్యాహ్నానికి ఆదోని అంతా తెలిసిపోతుంది. విత్తడం ఆపమంటే చాలదా?"

"చాలదు. బాగుందని చెప్పింది నేను. ఇప్పుడు బాగలేదని దామోదరం పోయి చెబితే, తన మిల్లు విత్తనాలు అమ్ముకోవడానికి ఆడే నాటకం అనుకుంటారు. నేను తప్పు చెప్పినానంటే వాళ్ళు నమ్మరు పాపా. ఎందుకు తప్పు చెప్పినానో చెబితేనే నమ్ముతారు. రాయి."

రాశాను. ఆయన సంతకం చేశాడు, ఈసారి సరిగ్గా గీత మీదే పడింది. అమ్మ ఏడుస్తూ గౌను అంచుకు పసుపు చుక్క పెట్టింది.

సాయంత్రం నాలుగింటికి హాలు కిక్కిరిసిపోయింది. నల్లగౌన్లలో వందలమంది పట్టభద్రులం వరసల్లో నిలబడ్డాం. ఎర్రగౌనుల పెద్దలు ఊరేగింపుగా వచ్చారు. వాళ్ళలో నల్లగౌనుతో నాయన ఉన్నాడు. మెట్ల దగ్గరకు వచ్చాడు. ఒకటి, రెండు, మూడు అని లోపల నేనూ లెక్కబెట్టాను. ఏడో మెట్టు ఎక్కి, నాలుగడుగులు వేసి, కుర్చీ చేతికి తగిలాక కూర్చున్నాడు. అందరికంటే హుందాగా నడిచింది ఆయనే అని పక్కనున్న పిల్ల నా చెవిలో అంది.

తర్వాత మమ్మల్ని నిలబెట్టి ప్రమాణం చేయించారు. నిత్యజీవితంలో నడతలోనూ మాటలోనూ ఈ పట్టాకు తగినట్టు మెలుగుతామని మనస్ఫూర్తిగా వాగ్దానం చేస్తున్నారా అని ఛాన్సలరు అడిగాడు. చేస్తున్నామని హాలంతా ఒక్క గొంతుతో పలికింది. నేనూ పెదవులు కదిపాను. తంతి ఈపాటికి ముట్టి ఉంటుందా, ముట్టినా ఎవరైనా ఆగి ఉంటారా, ఇవే నా తలలో తిరుగుతున్నాయి. పట్టా చేతికొచ్చినప్పుడు అది ఎలా ఉందో కూడా చూడలేదు.

నాయన లేచాడు. గొంతు స్థిరంగా ఉంది. వాన పడని సీమ గురించి, అక్కడి మనుషుల ఓపిక గురించి, చదువుకున్నవాళ్ళ కోసం ఆ నేల ఎలా ఎదురుచూస్తుందో చెబుతుంటే హాలు ఊపిరి బిగబట్టి విన్నది. సరైన చోట్లల్లా కాగితం తిరుగుతోంది. ఎనిమిది, తొమ్మిది, పది. పదకొండో కాగితం తిప్పాడు. అక్కడ ఆగాడు.

ఎంతసేపు ఆగాడో చెప్పలేను. వేదిక మీద ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ముందు వరసలో అమ్మ తలవంచేసుకుంది. మరిచిపోయాడనుకున్నాను. లేచి అరిచి అందించాలనిపించింది.

అప్పుడు నాయన కాగితం మీదినుంచి తలెత్తాడు. "మీరు చూడనిదాన్ని చూశామని ఎన్నడూ చెప్పకండి," అన్నాడు. "మిమ్మల్ని నమ్మినవాళ్ళు తమ కళ్ళను నమ్మడం మానేస్తారు."

అంతే. పన్నెండో కాగితం తిప్పి ముందుకు సాగిపోయాడు. జనం చప్పట్లు కొట్టారు. మంచి మాట అని రాసుకున్నవాళ్ళూ ఉన్నారు. అది ఎవరి గురించో విన్నవాళ్ళలో అమ్మకూ నాకూ తప్ప ఎవరికీ తెలీదు. నేను గౌను చేతిలో మొహం దాచుకున్నాను.

మైలాపూరు ఇంటికి వచ్చేసరికి చిన్నాయన తంతి వచ్చి ఉంది. 'చెప్పినాను. కొందరు ఆగినారు.' అంతే ఉంది అందులో. 'కొందరు' అన్న మాట నన్ను మూడు వారాలు తినేసింది.

శనివారం నాయన ఆస్పత్రిలో చేరాడు. తలకు రెండువైపులా ఇసుక సంచులు పెట్టి కదలకుండా పడుకోబెట్టారు. కట్టు విప్పి దళసరి కళ్ళద్దాలు పెట్టిన రోజు ముందు అమ్మను చూశాడు, తర్వాత నన్ను. "సన్నబడినావే," అన్నాడు. అమ్మ ఆ గదిలోనే నేలమీద కూర్చుని ఏడ్చింది. ఆమె అనుకున్నది నెరవేరింది, ఆమెను తప్పుపట్టే హక్కు నాకెప్పుడూ లేదు.

ఆదోనికి తిరిగివస్తే స్టేషన్లో మేళం లేదు. చిన్నాయన ఒక్కడే వచ్చాడు. "నాకొక్క మాట చెప్పుంటే పోయేది గదన్నా," అని అన్న చెయ్యి పట్టుకుని చిన్నపిల్లవాడిలా వెక్కాడు. బజార్లో కొందరు నాయన్ను చూసి పక్కకు తప్పుకున్నారు. ఆయన దేనికీ బాధపడలేదు. పెద్దకడుబూరు చేలు చూడాలని మాత్రం పట్టుబట్టాడు. నన్నూ రమ్మన్నాడు.

ఆశ్వయుజంలో బండి కట్టుకుని వెళ్ళాం. హనుమన్న గట్టు దగ్గర ఎదురొచ్చి దండం పెట్టాడు. నాయన చేలోకి దిగి, వంగి, ఒక మొక్క ఆకు వెనక్కి తిప్పి చూశాడు. చూపు తిరిగొచ్చాక తన కళ్ళతో చూసిన మొదటి చేను అది. "ఆ పొట్టిపోగు పత్తే ఇది," అన్నాడు. "ఎన్నెకరాలు?"

"ఎనిమిది అయ్యా. దామోదరయ్య మోటారులో వచ్చి సెప్పినాక మిగిలింది ఆపేసినాము. మా ఊళ్ళో శానామంది ఆగినారు. మళ్ళా తెల్ల ఇత్తనం దొరికే తలికి నా సేను ఆరిపాయె. వాన మళ్ళా రాకపాయె."

"దున్నేసి వేరేదన్నా వెయ్యకపోయినావా?"

"మొలక బాగొచ్చినాదయ్యా. సెయ్యి రాలేదు."

"ఎప్పుడు విత్తినావు?" అన్నాడు నాయన.

"బేస్తారం పొద్దున, మీరు రైలెక్కిన మరుసటి దినం. నాది మెరక సేను గదా, అందరికన్నా ముందు పదునుకు వస్తాది."

"ఒక్కదినం," అన్నాడు నాయన. "ఒక్కదినం ముందు తెలిసుంటే."

"ఏం సేస్తావులే అయ్యా. పాపమ్మ తెలిసిన ఎంటనే సెప్పబట్టి ఊరికి ఈ మాత్రమన్నా మిగిలినాది. మా ఊరంతా ఆ యమ్మనే తల్సుకుంటాంది," అని హనుమన్న నాకేసి చూసి నవ్వి, నాలుగు సాళ్ళ అవతల కలుపు కనిపిస్తే పీకడానికి పోయాడు.

నాయన నావైపు తిరిగాడు. ఆ దళసరి అద్దాల వెనక కళ్ళు పెద్దవిగా, తేటగా ఉన్నాయి. నేను తట్టుకోలేక మొక్కల్ని చూశాను.

"పాపా, నీకెప్పుడు తెలిసింది?"

ఏదైనా అబద్ధం చెప్పి ఉండొచ్చు. ఇన్నాళ్ళూ ఎలాగూ చెబుతూనే ఉన్నాను.

"సోమవారం," అన్నాను.

"స్టేషన్లో హనుమన్న నీతో మాట్లాడినప్పుడు..."

"తెలుసు."

ఆయన గట్టుమీద కూర్చున్నాడు. నేను గడగడా మొదలుపెట్టాను. ఆపరేషను పోతుందని అమ్మ భయపడిందని, వాన రాదనుకున్నామని, అది కూడా కాదు నాయనా, నాకు నువ్వు ఆ వేదిక మీద కావలసి వచ్చిందని. ఏడుపు అడ్డం వచ్చింది. ఆయన చెయ్యెత్తి ఆపాడు. కోపం లేదు ఆ మొహంలో. కోపముంటే బాగుండునని అనిపించింది.

"నాకు కాదమ్మా," అన్నాడు. "ఆయప్పకు చెప్పు."

నేను కళ్ళు తుడుచుకున్నాను. "హనుమన్నా," అని పిలిచాను. ఆయన చేతిలోని కలుపు గట్టుమీద పారేసి, "ఏం తల్లీ," అంటూ సాళ్ళు దాటుకుని వచ్చి నా ముందు నిలబడ్డాడు. నేను సోమవారం నుంచి మొదలుపెట్టాను.